తలంబ్రాల సాక్ష్యం

కొత్తగా డ్యూటీలో చేరిన నర్సు పిల్లలు సోనారిలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే. "ఆంటీ, తాగుడు మాన్పించే వార్డులో అన్నేళ్ళు చేశారు కదా, మీ చేతుల మీద ఎంతమంది బాగుపడ్డారు?" ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బాగుపడడం అంటే జ్వరం దిగడం కాదు తల్లీ. జ్వరం దిగితే థర్మామీటరు చెబుతుంది. తాగుడు దిగిందో లేదో చెప్పే పరికరం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. అందుకే ఆ వార్డులో పనిచేసినన్నాళ్ళూ నాకు కంగారు తప్ప వేరే లాభం కనిపించలేదు. తోటి సిస్టర్లు నన్ను 'ఖత్రే కీ ఘంటీ' అనేవారు. ప్రమాదం గంట మోగించడం తప్ప దీనికేమీ రాదని వాళ్ళ వెటకారం. నేను కోప్పడేదాన్ని కాదు. మోగాల్సిన చోట మోగని గంటకంటే ఊరికే మోగే గంట నయం.

అయినా అడిగారు కాబట్టి ఒకాయన గురించి చెబుతాను. పేర్లు చెప్పను. తెలిసినవాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది, తెలియనివాళ్ళకి అవసరం లేదు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ హిందీ ఊళ్ళో ఉక్కు కార్ఖానాలో చేరినవాడు. మాది క్రైస్తవ కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆదివారం మళ్ళీ తెలుగు చర్చి. అందుచేత వార్డులోకి తెలుగు పేషెంటు ఎవరొచ్చినా, వాడి వాంతుల దగ్గర్నుంచి వాడి బాధల దాకా అన్నీ నాకే అప్పగించేవారు. ఈయన కూడా అలాగే నా పాలబడ్డాడు.

క్రేన్ ఆపరేటరు. షెడ్డు కప్పుకింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేను. కింద మనుషులు తలెత్తకుండా పని చేసుకుంటూ ఉంటే, పైన ఈయన చేతి కింద ఇనుప దిమ్మలు వేలాడుతూ ఉంటాయి. చేతులు వణకడం మొదలయ్యాక క్రేన్ మీంచి దింపేసి కింద ఊడ్చే పనిలో పెట్టారు. ఆ అవమానానికి ఇంకా ఎక్కువ తాగాడు. భార్య ఆటోలో తీసుకొచ్చేసరికి మనిషి గజగజ వణుకుతూ, గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో తుడుస్తున్నాడు. అక్కడ చీమలు లేవు.

ఆమె కుడి కనుబొమ్మ మీద కుట్లు వేసిన మచ్చ ఉంది. పాతది కాదు. అదేమిటని అడిగాను.

"మెట్టు జారి పడిపోనాను సిస్టరమ్మా," అంది.

మా వార్డుకొచ్చే ఆడవాళ్ళందరూ మెట్లు జారే పడతారు.

డాక్టరుగారు బెంగాలీ ఆయన, మాటలు తక్కువ. రిపోర్టులు చూసి, ఆయన మంచం పక్కనే నిలబడి చెప్పేశారు. "అబ్ ఔర్ పియా తో బచేగా నహీ." మళ్ళీ తాగితే బతకడని. కాలేయం అప్పటికే అంత పాడయింది. ఆమె నావైపు తిరిగి, డాక్టరుగారు అన్నది తెలుగులో కూడా చెప్పమంది. హిందీ ఆమెకి బాగానే వచ్చు. తెలుగులో ఇంకో రకంగా ఉంటుందేమోనని ఆశపడింది, అంతే. తెలుగులోనూ అదే మాట.

వణుకు తగ్గాక అసలు కష్టం మొదలవుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయనకి ఏమీ తోచేది కాదు, వరండాలో పచార్లు చేసేవాడు. నేను కట్లు కట్టే గాజు గుడ్డ ఇచ్చి మడతపెట్టమనేదాన్ని. చేతులు పనిలో ఉంటే బుర్ర కాస్త కుదురుగా ఉంటుంది. ఒకరోజు ఆయనే అడిగాడు. "మా ఇంటిది మీ సర్చీకి వత్తన్నాదంట గదా. అక్కడేటి సెప్తారు సిస్టరమ్మా?"

అవును, పక్కింటావిడ వెంట ఆమె కొన్ని వారాలుగా చర్చికి వస్తోంది, వెనక వరసలో కూర్చుని ప్రార్థన చేయించుకుని వెళ్ళిపోతోంది. ఈయనకి ఏం చెప్పాలా అని ఆలోచించి మోషే కథ ఎత్తుకున్నాను. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, జనం బానిసలు, ఇటుకలు చెయ్యడం, కొరడా దెబ్బలు, వదలనంటే వదలనన్న రాజు ఫరో, ఆఖరికి వాళ్ళు దాటడానికి దేవుడు ఎర్రసముద్రాన్ని రెండుగా చీల్చడం. క్రేన్ మనిషి కదా, నీళ్ళు గోడల్లా లేచి నిలబడ్డాయనేసరికి గాజు గుడ్డ వదిలేశాడు.

"అన్ని నీళ్ళు ఎత్తి నిలబెట్టీసినాడా? బ్రేకు జారితే?"

"జారలేదు. అందరూ దాటేదాకా పట్టుకున్నాడు."

గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఆ ఫరో ఎందుకు ఒగ్గడు మరి?" అన్నాడు.

"వచ్చిన రోజు మీ చేతులు వణికాయి కదా బాబూ, ఎవరు వణికించారు? ఆపమంటే ఆగాయా?"

ఆయన చేతులకేసి చూసుకున్నాడు. "అయితే నా ఫరో సీసాలో ఉన్నాడన్నమాట."

సీసా ఆ బానిసలు మోసే ఇటుకలాంటిది, ఫరో మీ లోపలున్నాడు అన్నాను. మా నమ్మకంలో పాపమంటే కాలు జారడం ఒక్కటే కాదు, అది యజమాని. ఎవరి మాట కాదనలేకపోతామో వాళ్ళకి బానిసలం. ఏ బానిసా తన సంకెళ్ళు తనే తెంపుకోలేడు, విడిపించేవాడు బయటినుంచి రావాలి. మా కోసం అలా వచ్చినవాడు క్రీస్తు అని చెప్పాను. వార్డులో బోధలు చెయ్యకూడదని రూలు ఉంది, నాకు తెలుసు. అడిగినవాడికి జవాబు చెప్పడం బోధ కాదని నా వాదన.

డిశ్చార్జి అయ్యాక ఆయన భార్యతో కలిసి చర్చికి రావడం మొదలుపెట్టాడు. కొన్ని నెలలకి సువర్ణరేఖ నదిలో బాప్తిస్మం తీసుకున్నాడు. నీళ్ళలోంచి లేచినప్పుడు ఒడ్డున అందరం పాడాం, నేనూ ఏడ్చాను. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, "ఇదే నీ ఎర్రసముద్రం నాయనా, దాటేశావు," అన్నారు. ఆ మాట నిజమే. కానీ నా గంట అప్పుడే లోపల మోగింది. సముద్రం దాటినవాళ్ళకి ఆ వెంటనే ఎదురైంది పాలూ తేనే పారే దేశం కాదు, ఎడారి. నీళ్ళు లేక గొడవ, తిండి లేక గొడవ. ఆ సంగతి అక్కడ ఎత్తితే అపశకునపు మనిషి అంటారని నోరు మూసుకున్నాను.

మాలో సాక్ష్యం చెప్పడమనే ఆచారం ఉంది. దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి నలుగురిలో ఆ మేలు చెబుతారు. మంచి ఆచారం. మా పెద్దయ్య దానికి పెట్టింది పేరు. మెషీన్ షాపులో రిటైరైన మనిషి, సంఘానికి పెద్ద, గొంతు మైకు అక్కర్లేనంత. ఎవరింట్లో జబ్బున్నా మొదట గుమ్మం తొక్కేది ఆయనే. ఆయన మనసు బంగారమని ఇప్పుడే చెప్పి పెడుతున్నాను. తరవాత చెప్పేది విని అపార్థం చేసుకుంటారేమోనని.

మా క్రేన్ ఆయన మొదటిసారి సాక్ష్యం చెప్పినప్పుడు నాలుగు ముక్కలే చెప్పాడు. "నాను సచ్చిపోయేవోడిని. దేవుడు బతికించినాడు," అన్నాడు, కూర్చున్నాడు. జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది.

పెద్దయ్య ఊరుకోలేదు. టెల్కో కాలనీలో ఒక ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటే అక్కడికి తీసుకెళ్ళాడు. తరవాత సోనారిలో. ఆ తరవాత ప్రతి శనివారం ఎక్కడో ఒకచోట. వెళ్ళిన ప్రతి చోటా సాక్ష్యం కాస్త పొడుగయ్యేది. ఎలా తాగాడు, ఎక్కడ పడ్డాడు, బస్సులో ఎవరి ఒళ్ళో కూర్చున్నాడు. జనం నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు రుచి మరిగితే మనిషి ఆగడు. ఒకరోజు తలంబ్రాల కథ వచ్చింది.

కథ ఇదీ. ఓ సాయంత్రం తాగి ఇంటికొచ్చి, కూర లేదని అన్నం గిన్నె ఎత్తి పైకి విసిరాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. అన్నం ఫ్యానుకి తగిలి ఇల్లంతా చిమ్మింది. "మా ఇద్దరి నెత్తి మీదా మెతుకులే! మళ్ళీ పెళ్ళయిపోనాదనుకున్నాను. ఇయేటి తలంబ్రాలు పోసీసినారేటి, పంతులేడీ, అని ఎతికినాను!" చేతులు రెండూ పైకెత్తి గిన్నె విసిరినట్టు చేసి చూపించేవాడు. జనం పొట్టలు పట్టుకునేవారు. నేను కూడా మొదటిసారి నవ్వాను. నవ్వుతూనే ఆ కనుబొమ్మ మీది మచ్చ గుర్తొచ్చి ఆగిపోయాను. ఆమె కోసం చూశాను. ఆమె రాలేదు. అప్పుడు లెక్క తట్టింది, ఈ కూడికల్లో ఆమె ఎప్పుడూ లేదు.

అంతకంటే నన్ను కంగారు పెట్టింది ఇంకొకటి. పర్సుడీహ్ బజారు వెనక సందులో ఇప్పసారా అమ్మే చోటు గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మెత్తబడేది. ఆకుదొన్నెలో వేడి శనగలు, వాటి మీద ఉప్పు, పచ్చిమిరపకాయ ముక్కలు, నిమ్మచెక్క పిండితే లేచే వాసన. చెబుతూ పెదాలు తడుపుకునేవాడు. ముందు వరసలో మగవాళ్ళ గొంతుల్లో గుటకలు కదలడం నా కళ్ళతో చూశాను. ఎడారిలో ఆ జనమూ ఇదే చేశారు. ఐగుప్తులో తిన్న చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు తలుచుకుని ఏడ్చారు గానీ, కొరడా ఒక్కరికీ గుర్తు రాలేదు. దూరపు కొండలు నునుపంటారు. ఐగుప్తు కూడా దూరం నుంచి నునుపే.

పెద్దయ్యకి చెప్పాను. "కొన్నాళ్ళు ఆయన చేత చెప్పించకండి పెద్దయ్యా."

"ఎందుకమ్మా? దేవుడు సేసిన మేలు సెప్పొద్దంతావేటి?"

"దేవుడి మాట ఆఖర్న రెండు ముక్కలే వస్తోంది. మిగతాదంతా సారా గురించే."

"ఎర ఎయ్యకపోతే సేప పడతాదేటి? ఆ ముక్కలకే గదమ్మా తాగుబోతులు కూడా వచ్చి కూసుంతన్నారు." ఆయన నా భుజం తట్టాడు. "నువ్వు ఆసుపత్రి మనిషివి తల్లీ. నీకు అన్నింట్లోనూ రోగమే అవుపడతాది."

అయ్యగారు కూడా మెత్తగా నవ్వి, "విశ్వాసం ఉంచమ్మా," అన్నారు. నాకు విశ్వాసం లేక కాదు. విశ్వాసమూ ఉంది, వార్డులో రెండోసారి, మూడోసారి వచ్చి పడుకున్నవాళ్ళ మొహాలూ గుర్తున్నాయి.

ఒకరోజు డ్యూటీ అయ్యాక పర్సుడీహ్ వాళ్ళింటికి వెళ్ళాను. స్కూలుకెళ్ళే కూతురు తలుపు తీసింది. నాన్న ఉన్నారా అని నేను తెలుగులో అడిగితే, "పాపా మీటింగ్ మే గయే హైఁ ఆంటీ," అని లోపలికి వెళ్ళిపోయింది. భార్య చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ రెండు అందుకున్నాను.

"మీటింగులకి మీరు రావట్లేదేం?"

"నానెందుకు సిస్టరమ్మా? ఆ తలంబ్రాలు నా నెత్తి మీదే గదా పడ్డాయి." తల ఎత్తలేదు. "అన్నం అప్పుడే దింపినాను. ఫేనుకి తగిలి గిన్నె తిరిగొచ్చి ఈడ, కనుబొమ్మ కాడ తగిలింది. ఏడి మెతుకులు మెడ మీద. పాప మంచం కిందికి దూరిపోయి బయటికి రానంది. ఆ రోజు మా ఇంట్లో ఎవులూ నవ్వనేదమ్మా."

"ఆయనకి చెప్పారా ఈ మాట?"

"ఎలా సెప్పను? ఇప్పుడు తాగట్లేదు గదా. ఏటైనా అంటే మనసిరిగిపోయి మళ్ళీ తాగీగలడు. డాట్టరుబాబు ఏటన్నాడో మీరే గదా సెప్పినారు. తాగినప్పుడూ భయమే, మానీసినా భయమే. అడుగు తీసి అడుగేత్తే సూసి ఎయ్యాల."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చ గెలుస్తున్నాడు. సముద్రం ఆయన దాటాడు గానీ ఆమె ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. ఇంటికొస్తూ దారంతా అదే ఆలోచన. ఆమె నోరు విప్పితే ఆయన పడిపోతాడేమో, విప్పకపోతే ఇద్దరూ పడిపోతారేమో. ఏది మంచిదో నాకు తెలియలేదు.

ఆ చలికాలం టెల్కో కాలనీ మైదానంలో తెలుగు సంఘాలన్నీ కలిసి ఉజ్జీవ కూటాలు, అంటే భక్తిని మళ్ళీ రగిలించే పెద్ద సభలు, పెట్టాయి. ఆఖరి రోజు ఆదివారం. ఆ సాయంత్రం క్రేన్ ఆయన సాక్ష్యమని పెద్దయ్య ముందునుంచే చాటింపు వేశాడు. ఆ మధ్యాహ్నమే నాకు ఆమె దగ్గర్నుంచి ఫోను.

"సిస్టరమ్మా, పొద్దున్న టమాటాలకని బజారుకి ఎల్లినాడు. ఇంతవరకూ రానేదు. ఫోను ఆపీసి ఉన్నాది." గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

స్కూటర్ తీశాను. ఆమెని వెనక ఎక్కించుకుని పర్సుడీహ్ బజారంతా తిరిగాం. కూరగాయల వాళ్ళు గుర్తులేదన్నారు. ఇక మిగిలింది వెనక సందు. ఆమె సందు మొదట్లో ఆగిపోయింది. నేను లోపలికెళ్ళాను. ఇప్పపూల పుల్లటి వాసన, గోడవారన కూర్చున్న మనుషులు. ఒక్కొక్కడి మొహంలోకీ వంగి చూశాను. లేడు. అమ్మే ఆవిడ నా ఆనవాళ్ళు విని వెంటనే గుర్తుపట్టింది.

"ఆజ్ నహీ ఆయా. రోజ్ ఆతా హై. ఉధర్ ఖంభే కే పాస్ ఖడా రహతా హై, ఫిర్ చలా జాతా హై."

ఈవేళ రాలేదట. రోజూ వస్తాడట. సందు మలుపులో కరెంటు స్తంభం దగ్గర నిలబడతాడట. కాసేపు నిలబడి వెళ్ళిపోతాడట. వెనక్కి చూస్తే ఆమె ఎప్పుడు వచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది. మొత్తం వింది. తిరిగొచ్చేటప్పుడు ఆ స్తంభాన్ని ముట్టుకుని చూసింది, మనిషి వేడి ఇంకా దానికి ఉందేమోనన్నట్టు.

బస్టాపు, స్టేషను వైపు, ఆయన తోటి పనివాడి క్వార్టరు, అన్నీ అయ్యాయి. పొద్దు వాలుతోంది. నాకు ఊహకందేవన్నీ చెడ్డవే. ఎక్కడ కాలవ కనిపించినా స్కూటర్ నెమ్మది చేసి చూస్తున్నాను. ఆఖరికి ఇంకేమీ తోచక మైదానం వైపు తిప్పాను, పెద్దయ్యకైనా చెబుదామని.

ఆయన అక్కడే ఉన్నాడు. స్టేజీ వెనక చుట్టిపెట్టిన తివాచీల మీద, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. పక్కన టమాటాల సంచి. నేను దగ్గరగా వంగాను. మా ఉద్యోగంలో పలకరింపు కంటే ముందు వాసన చూస్తాం. వాసన లేదు.

"చేతులు చాపండి బాబూ."

చాపాడు. వేళ్ళు వణుకుతున్నాయి.

"తాగనేదు సిస్టరమ్మా. ఒట్టు. బజారుకి ఎల్తే కాళ్ళు వాటంతటవే సందులోకి తిరిగిపోతన్నాయి. అందుకే టమాటాలు కొనీసి ఆటో ఎక్కీసి ఇటొచ్చీసినాను. ఈడ అందరూ సూత్తంతారు. ఇంటికాడ ఎవులు సూత్తారు?"

ఆ మాట భార్య విన్నది. వంగి టమాటాల సంచి తీసుకుంది.

"ఇంటికి పోదాం. పెద్దయ్యకి నేను చెబుతాను. ఈవేళ మైకు దగ్గరకి వెళ్ళొద్దు," అన్నాను. ఇంతలోనే పెద్దయ్య వచ్చేశాడు. "వచ్చీసినావా నాయనా! సూడు ఎంత జనమో!" అని ఆయన చెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిపించాడు. నేను "పెద్దయ్యా" అంటూనే ఉన్నాను, స్పీకర్లలో పాట మొదలైంది. నా గంట ఎవరికీ వినపడలేదు.

ఆమె, నేను ఆడవాళ్ళ వైపు ముందు చాప మీద కూర్చున్నాం. అక్కడే ఖాళీ ఉంది. ఆయన సాక్ష్యం వినడానికి ఆమె కూర్చోవడం అదే మొదలు. అదీ కావాలని కాదు, వెతుక్కుంటూ వచ్చి కూర్చుంది.

ఆయన మొదలుపెట్టాడు. మొదట గొంతు తడబడింది. బస్సు ముచ్చట దగ్గర జనం నవ్వారు, దాంతో గొంతు కుదుటపడింది. సందు వచ్చింది, దొన్నె వచ్చింది, శనగలు వచ్చాయి. పెదాలు తడుపుకున్నాడు. నేను చీర కొంగు మెలిపెడుతూ ప్రార్థన చేస్తున్నాను, ఏం అడగాలో తెలియక ఊరికే "ప్రభువా, ప్రభువా" అంటున్నాను. వెనక నుంచి కుర్రాళ్ళు కేకలు మొదలెట్టారు. "తలంబ్రాలు! తలంబ్రాలు!" పెద్దయ్య నవ్వుతూ కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆయన చేతులు రెండూ పైకెత్తాడు. విసరబోతూ ఆడవాళ్ళ వైపు తిరిగాడు. అంతే, నా పక్కన ఆయన భార్య తల పక్కకి వంచేసింది. చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె అనుకుని చేసింది కాదు. ఒళ్ళు దానంతటది చేసింది. జనం అప్పటికే నవ్వుతున్నారు.

ఆయన చేతులు పైనే ఆగిపోయాయి. నవ్వు కొంచెం కొంచెంగా చచ్చిపోయింది. మైకులో ఆయన ఊపిరి వినిపిస్తోంది. మరిచిపోయాడనుకుని పెద్దయ్య అందించాడు. "తలంబ్రాలు నాయనా."

"నవ్వకండమ్మా," అన్నాడు ఆయన. చేతులు దించాడు. "అయి తలంబ్రాలు కావు. గిన్నె తిరిగొచ్చి మా ఇంటిదాని నుదురు పగిలిపోనాది. మెడ కాలిపోనాది. నా కూతురు మంచం కింద దూరిపోనాది. అది నాను ఎక్కడా సెప్పనేదు. సెప్తే మీరు నవ్వరు గదా."

స్టాండులోంచి మైకు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇంకోటి కూడా సెప్పనేదు. నాకు తాగాలనుంది. పొద్దున్న నించీ ఉన్నాది. ఇప్పుడూ ఉన్నాది. దేవుడు నన్ను ఐగుప్తులోంచి బయటికి లాగినాడు. నిజంగా లాగినాడు. నాను మీ ముందర నిలబడి రోజూ ఎనక్కి ఎల్లొత్తన్నాను. ఇంక ఎల్లను. సప్పట్లు కొట్టకండి. ఎవులైనా నాతో ఇంటిదాకా రండి. ఒక్కణ్ణీ ఎల్లలేను."

మైకు స్టాండులో పెట్టకుండా పెద్దయ్య చేతిలో పెట్టేసి మెట్లు దిగాడు. ఇలా నలుగురిలో సిగ్గుపడ్డ రోజే మా పేషెంట్లు తిన్నగా సీసా దగ్గరకి పోయేది. ఎంతమందిని చూడలేదు!

తరవాత ఏమైందని అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. ఆయన బతికే ఉన్నాడు. మళ్ళీ క్రేన్ ఎక్కాడు. మధ్యలో ఒకసారి పడ్డాడు కూడా, వార్డుకి తీసుకొచ్చాం, డాక్టరుగారు తిట్టారు, మళ్ళీ లేచాడు. ఈవేళ్టికి తాగడు. రేపటి సంగతి నన్నడక్కండి, నాకు ఇప్పటికీ కంగారే. విడుదల అబద్ధమైతే ఇంత భయపడనక్కర్లేదు, ఏముంది పోవడానికి? నిజమైంది కాబట్టే భయం. మీరు ఈ వార్డుల్లో పనిచేయబోతున్నారు కాబట్టి చెబుతున్నాను, మీ పేషెంటు డిశ్చార్జి రోజున వాళ్ళు పంచే మిఠాయి మీరూ తినండి, కానీ అతని ఇంట్లోవాళ్ళ మొహం ఒకసారి చూసి తినండి.

ఆ సాయంత్రం సంగతి కదా. ఆయన మైదానం గేటు దగ్గర నిలబడ్డాడు, ఎవరైనా వస్తారా అని. నేను స్కూటర్ నడిపించుకుంటూ వెళ్ళాను. భార్య టమాటాల సంచితో నా పక్కన. వెనక రొప్పుతూ ఎవరో వస్తున్నారు. చూస్తే పెద్దయ్య. కూటం మధ్యలో మైకు ఎవరికో ఇచ్చేసి వచ్చేశాడు. ఆ మనిషి మాట్లాడకుండా అంత దూరం నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆటోల దగ్గర ఆటో మాట్లాడుకుని వాళ్ళు ముగ్గురూ ముందు, స్కూటర్ మీద నేను వెనక. బజారు ముందు దిగకుండా ఆటోవాణ్ణి పైనుంచి చుట్టూ తిప్పించి ఇంటి సందు దగ్గరే దింపించింది ఆమె.

గుమ్మం దగ్గర ఆయన ఆగిపోయాడు. లోపలికి వెళ్ళడానికి భయపడుతున్నాడని తెలుస్తూనే ఉంది. పెద్దయ్య గొంతు సవరించుకుని, "ప్రార్థన సేసుకుందాం తల్లీ," అన్నాడు.

"కాసేపాగి సేద్దురు పెద్దయ్యా," అందామె. సంచి కూతురికి అందించి భర్త వైపు తిరిగింది. అప్పటిదాకా ఆయనతో ఒక్క మాటా అనలేదు.

"ఊరందరికీ సెప్పినావు. నాకెప్పుడూ సెప్పనేదు. ఆ రోజు ఏటి సేసినావో మొదట్నించీ నాకు సెప్పు. ఇక్కడెవులూ నవ్వరు."